‘ఎవరికీ చెప్పొద్దు’ నుంచి ఒక పేజీ కాగితం దాకా: ఎనిమిదేళ్ళ బాబు కేసు

ఇక్కడి బాబు ఒక్క పిల్లాడు కాడు. ఒకే తరహాలో నడిచే కేసుల వివరాలు కలిపి, గుర్తుపట్టే ఆనవాళ్ళు లేకుండా రాసిన కేసు ఇది. ఆటిజం ఉందన్న సంగతి బయటికి చెప్పాలా వద్దా అన్న చోట కుటుంబాలు ఎక్కడ తప్పటడుగు వేస్తాయో, దాన్ని ఎలా సరిదిద్దవచ్చో చూపడానికే ఈ రాత.

కేసు

బాబుకి 8 ఏళ్ళ 4 నెలలు. విజయవాడలో ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లో మూడో తరగతి. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తల్లి జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేస్తూ, బాబుకి మూడో ఏడు వచ్చాక మానేసింది. ఇంట్లో నాయనమ్మ, పెళ్ళి కావలసిన మేనత్త కూడా ఉంటారు.

నాలుగేళ్ళ రెండు నెలలకు ఆటిజం అని తేలింది. ఆటిజం తీవ్రతను కొలిచే ‘ఇసా’ స్కేల్లో స్కోరు 96. ఈ స్కేలు మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థలో తయారైంది. ఇప్పుడు ఆ సంస్థను నీపిడ్ అంటున్నారు. స్కేల్లో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వేస్తారు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా మైల్డ్, 107 నుంచి 153 మోడరేట్, ఆ పైన సివియర్. తర్వాత చేసిన ఐక్యూ పరీక్షలో బాబు సగటులోనే ఉన్నాడు. చదవడం తనంతట తనే నేర్చుకున్నాడు. రైళ్ళ నంబర్లన్నీ నోటికొచ్చు. ఎవరైనా నచ్చితే నమస్కారానికి బదులు “12711” అంటాడు. అది విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే పినాకిని.

రిపోర్టులో ఉన్న ‘మైల్డ్’ అన్న మాటే ఈ కేసులో ఎక్కువ నష్టం చేసింది. మైల్డ్ అంటే ఇంట్లోవాళ్ళకు అర్థమైంది ‘కొంచెమే, పెద్దయ్యాక పోతుంది’ అని. కొంచెమే అయినప్పుడు ఊరందరికీ చెప్పడం దేనికి? పైగా ఆడపిల్ల పెళ్ళి ఉంది. “సంబంధం కుదిరేదాకా ఈ మాట గడప దాటకూడదు” అంది నాయనమ్మ. రిపోర్టు బీరువాలో చీరల కిందికి చేరింది. స్పీచ్ థెరపీకి వెళ్ళేటప్పుడు ‘ట్యూషన్’ అని చెప్పారు. స్కూల్లో చేర్పించేటప్పుడు ‘మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి, అల్లరి ఎక్కువ’ అన్నారు. ఆ స్కోరు చెప్పేది పరీక్ష రోజున కనబడిన లక్షణాల మోతాదు మాత్రమే. ముప్ఫై నలుగురు పిల్లలున్న గదిలో, మైకు మోగే అసెంబ్లీలో ఆ పిల్లాడి రోజు ఎంత కష్టంగా గడుస్తుందో అందులో రాసి ఉండదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ముక్క చెప్పి పంపాల్సింది.

చెప్పకపోయిన నాలుగేళ్ళలో

చెప్పకపోతే ఎవరూ ఏమీ అనుకోరన్నది ఆ కుటుంబం నమ్మకం. అది సరిచూడటానికి తల్లిదండ్రుల అనుమతితో, ఆటిజం మాట ఎత్తకుండా, బాబుని రోజూ చూసేవాళ్ళని రెండే ప్రశ్నలు అడగడం జరిగింది: ఈ బాబు ఎలాంటివాడు? అలా ఎందుకు చేస్తాడనుకుంటున్నారు?

క్లాస్ టీచరు: “తెలివైనవాడేనండీ, కానీ మొండి. పిలిస్తే వినపడనట్టే ఉంటాడు. చాక్లెట్ కాగితం చప్పుడు మాత్రం ఆ చివర నుంచి వినపడుద్ది.”

పక్క ఫ్లాట్ ఆవిడ: “వాళ్ళమ్మ చిన్నప్పుడు పొద్దస్తమానం ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టిందండీ. అందుకే అలా తయారయ్యాడు.”

వాచ్‌మన్: “ఒక్కడే కొడుకు కదండీ, గారాబం. లిఫ్టులో బటన్లన్నీ నొక్కేస్తాడు, ఎవరూ ఏమీ అనరు.”

నాయనమ్మ: “వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకు గానీ మాటలు రాలేదు. వీడికి దిష్టి కూడా తగిలింది.”

తరగతిలో ఇంకో పిల్లాడి తల్లి గొంతు తగ్గించి: “మెంటలంట కదా?”

స్కూలు వ్యాన్ డ్రైవర్ జవాబు ఒక్కటే వేరుగా వచ్చింది: “హారన్ కొడితే ఏడుస్తాడండీ. ‘కొడుతున్నాను నాన్నా’ అని ముందు చెప్పి కొడితే ఏడవడు.” ఎందుకలా చేస్తాడని అడిగితే, “ఏమో అండీ, చెవులు సున్నితం అయ్యుంటాయి” అన్నాడు. రోగం పేరు తెలియకుండానే పరిష్కారం కనిపెట్టింది ఆయనొక్కడే.

మిగతా అందరూ కారణాన్ని పిల్లాడి మొండితనంలోనో, తల్లి పెంపకంలోనో వెతుక్కున్నారు. కావాలని చేస్తున్నాడనుకున్న టీచరు గోడ పక్కన నిలబెట్టింది. పెంపకం లోపమనుకున్న పక్కింటావిడ లిఫ్టులో ప్రతిసారీ తల్లికి సలహా ఇచ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, తమకు తోచిన కారణానికి తగ్గ మందు వేశారంతే. తల్లిని తప్పుపట్టే అలవాటు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. 1950, 60ల్లో అమెరికాలో పేరున్న నిపుణులే తల్లి ప్రేమ చల్లగా ఉండటం వల్ల ఆటిజం వస్తుందని రాశారు. ఆ సిద్ధాంతం కొట్టుకుపోయినా దాని స్థానంలోకి ఇప్పుడు ఫోన్ వచ్చింది. గంటలకొద్దీ ఫోన్ చూపిస్తే మాటలు నేర్చుకునే అవకాశాలు తగ్గుతాయి, నిద్ర చెడుతుంది, అంతవరకు నిజమే. కానీ ఫోన్ వల్ల వచ్చే ‘వర్చువల్ ఆటిజం’ అనే రోగనిర్ధారణ, డాక్టర్లు ప్రమాణంగా తీసుకునే జాబితాలు డీఎస్ఎం‑5లో లేదు, ఐసీడీ‑11లోనూ లేదు. ఈ బాబు చేతికి ఫోన్ వచ్చింది మూడో ఏట. పిలిస్తే తిరిగి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం ఏడాదిన్నర నుంచే ఉన్నాయని తల్లి దగ్గరున్న పాత వీడియోల్లో తెలుస్తూనే ఉంది.

మొదటి ప్రయత్నం ఎందుకు బెడిసింది

మూడో తరగతి మొదలయ్యాక మధ్యాహ్న భోజనం లైన్లో బాబు ఒక పిల్లని నెట్టాడు, పిల్ల మోచేయి గీసుకుపోయింది. తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో వచ్చింది. దాని కింద ‘ఇలాంటి పిల్లల్ని వేరే చోట చేర్పించాలి’ అని ఒకరు, ‘పెంపకం’ అని ఇంకొకరు. రాత్రి 11 దాటాక తండ్రి ఓపిక నశించింది. ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా గ్రూపులో 41 లైన్ల మెసేజ్ పెట్టాడు. ఆటిజం అంటే ఏమిటో నెట్టులో దొరికిన నాలుగు పేరాలు, నాలుగేళ్ళుగా తాము పడిన బాధ, చివర రిపోర్టు పీడీఎఫ్.

పొద్దునకల్లా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వరసకట్టాయి. ఒకరు స్టెమ్ సెల్ చికిత్స చేసే చోటు లింకు పంపారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చెయ్యదగ్గది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పినా, ఇలాంటి లింకులు ఆగడం లేదు. ఇంకొకరు “మా పాపకేం ప్రమాదం లేదు కదండీ” అని అడిగారు. పీడీఎఫ్ రెండో తరగతి గ్రూపుకీ పాకింది. సోమవారం టీచరు బాబుని ముందు బెంచీలో ఒక్కణ్ణే కూర్చోబెట్టింది. నాయనమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. అప్పటికి మాటల్లో ఉన్న ఒక పెళ్ళి సంబంధం వారం తిరక్కుండానే “జాతకాలు కుదరలేదు” అంటూ ఆగింది. దీనికీ దానికీ ముడి ఉందో లేదో తేల్చడానికి లేదు. ఇంట్లో మాత్రం ఉందనే తీర్మానించుకున్నారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వ్యాన్లో తగిలింది. పక్క సీటు పిల్లాడు “నీకు ఆటిజం అంట కదా” అన్నాడు. బాబు ఇంటికొచ్చి తల్లిని అడిగాడు: “ఆటిజం అంటే జ్వరమా? నాకు ఎప్పుడు వచ్చింది?”

కుటుంబం మళ్ళీ సలహా కోసం వచ్చింది ఆ మర్నాడు. ‘చెప్పకూడదని పెద్దవాళ్ళు అన్నది నిజమే, చెప్పి తప్పు చేశాం’ అన్నది అప్పటికి వాళ్ళ నిశ్చయం. తప్పు చెప్పడంలో లేదు. ఆ మెసేజ్ చదివినవాళ్ళకి పిల్లాడికి ఏదో ఉందని తెలిసింది గానీ, రేపు లైన్లో వాడి వెనక నిలబడే తమ పిల్లకి ఏం చెప్పాలో తెలియలేదు. చెయ్యడానికి పనేమీ లేనప్పుడు మనిషికి మిగిలేవి జాలీ భయమే. కోపంలో, అర్ధరాత్రి, జవాబుగా పెట్టడం వల్ల అది సంజాయిషీలా వినబడింది. రిపోర్టు బయటపెట్టడం మరో పొరపాటు. అందులో ‘సామాజిక లోపం’, ‘ప్రవర్తనా సమస్యలు’ లాంటి మాటలుంటాయి, వైద్యభాష తెలియనివాళ్ళకు అవి నిందల్లా కనబడతాయి. ఇక అసలు మనిషికి తెలియకముందే ఊరికి తెలిసిపోయింది.

కొత్త వరస: ముందు బాబుకి

రెండో ప్రయత్నానికి ఐదు నెలలు పట్టింది. వరస ఇలా పెట్టుకున్నారు: బాబు, ఇంట్లోవాళ్ళు, టీచరు, తరగతి పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, అపార్ట్‌మెంట్. ఒక మెట్టు కుదుటపడేదాకా తర్వాతి మెట్టు ఎక్కలేదు. ప్రతి చోటా మాట ఒకే అచ్చులో పోశారు: ఏం కనబడుతుంది, ఎందుకలా జరుగుతుంది, మీరు ఏం చేస్తే సరిపోతుంది. మూడోది లేకుండా మొదటి రెండూ ఎవరికీ చెప్పకూడదన్నది నియమం.

బాబుతో 20 నిమిషాల చొప్పున నాలుగు సార్లు కూర్చున్నారు, తల్లి పక్కనే ఉంది. ‘నా గురించి’ అని ఎనిమిది పేజీల పుస్తకం కుట్టారు. మొదటి రోజు ఇష్టాలు, బాగా వచ్చిన పనులు. రెండో రోజు కష్టమైనవి. వాడే చెప్పాడు: బెల్లు, మిక్సీ, వెనక నుంచి ఆనుకోవడం, టైంటేబుల్ మారడం. మూడో రోజు వీటన్నిటికీ కలిపి ఒక పేరుందని చెప్పాలి.

ఇక్కడ ఒక పోలిక తీసుకోవడం జరిగింది, అది తిరగబడింది. రైళ్ళంటే ఇష్టం కదా అని, ‘కొన్ని రైళ్ళు బ్రాడ్ గేజ్ మీద, కొన్ని మీటర్ గేజ్ మీద నడుస్తాయి. మీటర్ గేజ్ రైలు పాడైపోయిన రైలు కాదు, దాని పట్టాలు వేరు’ అని చెప్పారు. బాబు కాసేపు ఊగి, “మీటర్ గేజ్ తీసేశారు కదా. గుంటూరు వైపు అన్నీ బ్రాడ్ గేజ్ చేసేశారు. నన్ను కూడా మార్చేస్తారా?” అన్నాడు. ఆటిజం ఉన్న పిల్లలకు పోలికలు వాడటంలో చిక్కు ఇదే. పోలికలో మనం చెప్పదలచిన ముక్క దగ్గర వాళ్ళు ఆగరు, పోలికను చివరిదాకా తీసుకెళ్తారు, చాలాసార్లు వాళ్ళదే కరెక్టు కూడా. పోలిక పక్కన పడేసి మామూలు మాటల్లో చెప్పారు: “నీ చెవులకి చప్పుడు ఎక్కువగా వినబడుతుంది. వెనక నుంచి తగిలితే నీ ఒంటికి దెబ్బలా అనిపిస్తుంది. ఇలా ఉండటాన్ని ఆటిజం అంటారు. ఇది జ్వరం కాదు, అంటుకోదు. నువ్వు పుట్టినప్పటి నుంచే ఉంది.” “పోతుందా?” అని అడిగాడు. “పోదు. పెద్దయ్యే కొద్దీ ఏం చెయ్యాలో నీకు బాగా తెలుస్తుంది” అన్నది జవాబు. బాబు పుస్తకం మూసేసి మిక్సీ గురించి అడిగాడు. నాలుగో రోజు మొత్తం దానికే పోయింది. ఇక నుంచి అమ్మ ‘మిక్సీ’ అని ఒకసారి చెప్పి, ఐదు లెక్కపెట్టి స్విచ్ వెయ్యాలని ఒప్పందం.

తెలుగులో ‘స్వలీనత’ అని ఒక మాట రాస్తుంటారు. వాడలేదు. తనలో తాను లీనమైపోవడం అన్న అర్థం, ‘వాడికి మనుషులు అక్కర్లేదు’ అన్న అపోహకే బలం ఇస్తుంది. రైలు నంబరుతో పలకరించే పిల్లాడికి మనుషులు అక్కర్లేకపోవడం ఏమిటి? ‘బుద్ధిమాంద్యం’ అసలు పొసగదు, అది వేరే సంగతి. రెండూ కలిసి ఉండే పిల్లలున్నారు, ఈ బాబు వాళ్ళలో ఒకడు కాడు. ‘ఆటిజం’ అనడమే మేలు.

నాయనమ్మ దగ్గర వాదనలు పెట్టుకోలేదు. దిష్టి తియ్యొద్దని ఎవరూ అనలేదు, ఎండుమిరపకాయలు కాల్చేటప్పుడు బాబుని బాల్కనీలో ఉంచమన్నారు, ఘాటుకి వాడు అల్లాడిపోతాడు కాబట్టి. ఆవిడ అసలు భయం పెళ్ళి. దానికి సూటిగా జవాబు చెప్పారు: ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దది. ఒక బిడ్డకు ఉంటే అదే తల్లిదండ్రులకు పుట్టే తర్వాతి బిడ్డకు ఉండే అవకాశం సుమారు ఐదుగురిలో ఒకరికి. మేనత్త పిల్లలకు అది చాలా తక్కువ. మేనత్త ఇంకో మాట చెప్పింది, కేసు మలుపు తిరిగింది అక్కడే: “పెళ్ళయ్యాక తెలిస్తే నేను దాచినట్టు అవుతుంది. నేనే చెప్తాను.” తర్వాత వచ్చిన సంబంధంలో రెండో రాకపోకలప్పుడు, తాంబూలాలకు ముందు, పెళ్ళికొడుకుతో తనే చెప్పింది. ఏం చెప్పాలో రెండు వాక్యాలు రాసుకుంది, రిపోర్టు జోలికి పోలేదు.

స్కూలు: ఒక పేజీ

టీచరుకి ఇచ్చింది ఒక్క కాగితం, ఒకవైపే, పెద్ద అక్షరాలతో. పైన మూడు చిన్న వాక్యాలు: ‘బాబుకి ఆటిజం ఉంది. చదువు బాగా వస్తుంది. శబ్దం, తాకిడి, హఠాత్తుగా వచ్చే మార్పు కష్టం.’ దాని కింద బాగా చేసేవి మూడు. ఆ కింద, కష్టం మొదలవుతోందని తెలిపే గుర్తులు: కుడి చెవి మెలిపెట్టుకోవడం, రైలు నంబర్లు గబగబా అనడం. ఈ రెండూ నెట్టడానికి ఒకటి రెండు నిమిషాల ముందు వస్తాయి, టీచరుకి పనికొచ్చే సమాచారం ఇదే. ఆ తర్వాత చెయ్యాల్సినవి నాలుగు:

లైన్లో చివర నిలబెట్టడం, వెనక ఎవరూ ఉండరు కాబట్టి.
అసెంబ్లీలో చప్పుడు తగ్గించే చెవి మఫ్స్ పెట్టుకోనివ్వడం.
టైంటేబుల్ మారితే పొద్దున్నే బోర్డు మీద రాయడం.
ఎర్ర కార్డు చూపిస్తే ఐదు నిమిషాలు వరండాలోకి వెళ్ళనివ్వడం.

చెయ్యకూడనిది ఒకటి: గడ్డం పట్టుకుని ‘నా కళ్ళలోకి చూడు’ అనడం. చూడకుండానే బాగా వింటాడు. అడుగున తల్లి ఫోన్ నంబరు.

మొదటి చిత్తులో 14 కోరికలున్నాయి. అన్నీ న్యాయమైనవే. ముప్ఫై నలుగురు పిల్లలున్న టీచరుకి 14 ఇస్తే మూడో రోజుకి ఒక్కటీ జరగదు. నెట్టడాన్ని, ఏడవడాన్ని నేరుగా తగ్గించేవి ఏవో చూసి నాలుగు ఉంచారు. రిపోర్టు ప్రిన్సిపాల్‌కి చూపించి వెనక్కి తెచ్చుకున్నారు, కాపీ ఇవ్వలేదు. స్కోరు, ఐక్యూ అంకె ఎవరికీ చెప్పలేదు. మఫ్స్ విషయంలో ఒక జాగ్రత్త: పనివాళ్ళు వాడేవి, 20 నుంచి 25 డెసిబెల్స్ తగ్గించేవి చాలు. ముందు ఇంట్లో టీవీ చూస్తూ రోజుకి పది నిమిషాలు పెట్టించాలి. నేరుగా బడిలో పెడితే తలని నొక్కుతోందని విసిరేస్తారు. రోజంతా ఉంచితే చెవి ఇంకా సున్నితమవుతుంది, కాబట్టి అసెంబ్లీకీ భోజనం బెల్లుకే.

స్కూలు యాజమాన్యం నుంచి ఎదురు వచ్చింది. తరగతిలో బాబు పక్కనే ఉండే సహాయకురాలిని (షాడో టీచరుని) పెట్టుకుని జీతం మీరే ఇవ్వండి, ‘ఏం జరిగినా మాదే బాధ్యత’ అని కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. సంతకం పెట్టొద్దని సలహా. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ఆ చట్టం 16వ సెక్షన్ వివక్ష లేకుండా చేర్చుకోవడం, తగిన సర్దుబాట్లు చెయ్యడం స్కూలు విధి అంటోంది. సీబీఎస్‌ఈ స్కూళ్ళు స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పెట్టుకోవాలని బోర్డు నిబంధన కూడా ఉంది. అయినా చట్టం కాగితం మొదటి మీటింగులో బల్ల మీద పెట్టకపోవడమే మంచిది. పెడితే ఆ క్షణం నుంచి స్కూలు లాయర్ బుర్రతో ఆలోచిస్తుంది, టీచరు భయంతో పిల్లాణ్ణి తాకదు. ఈ నాలుగూ ఆరు వారాలు చేసి చూద్దాం, టీచరు రోజూ ఒక గీత గీసి లెక్కపెడతారు, లెక్క చూసి మాట్లాడుకుందాం అని ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నారు. చట్టం సంగతి ఉత్తరం చివర ఒక లైన్లో ఉంది. షాడో టీచరు మాట మళ్ళీ రాలేదు.

వైకల్య సర్టిఫికెట్ దీనికి పూర్తిగా వేరే దారి. సదరం శిబిరంలో పరీక్ష చేయించి యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) తీసుకోవడమంటే ప్రభుత్వానికి చెప్పడం, పక్కింటికి చెప్పడం కాదు. ముందు ముందు బోర్డు పరీక్షల్లో అదనపు సమయానికి, తనకు బదులు రాసే మనిషికి ఆ కాగితం కావాలి. బయటికి చెప్పడం ఇష్టంలేని కుటుంబాలు కూడా దీన్ని ఆపుకోకూడదు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి రెండూ మానేస్తున్నారు.

తరగతి, గ్రూపు, లిఫ్టు

పిల్లలతో మాట్లాడే రోజు నువ్వు ఉంటావా అని బాబుని అడిగితే లైబ్రరీకి వెళ్తానన్నాడు. మాట్లాడింది బయటివాళ్ళు కాదు, క్లాస్ టీచరే. బయటివాళ్ళు వస్తే అది ‘ప్రోగ్రాం’ అవుతుంది, చప్పట్లు కొట్టి మర్చిపోతారు. మొత్తం 25 నిమిషాలు. చెవి దగ్గర పెద్ద చప్పుడు పెట్టి ‘వాడికి ఇలా ఉంటుంది’ అని చూపించే ఆటలు పెట్టలేదు. వాటితో ‘అయ్యో’ పెరుగుతుంది గానీ, రేపు వాడితో ఎలా ఆడాలో తెలియదు. ఎవరికి ఏం కష్టమో ముందు పిల్లల్నే చెప్పమంది టీచరు. ఒకరికి చీకటి, ఒకరికి బల్లి, ఒకరికి లెక్కలు. ఆ వరసలోనే బాబుకి వెనక నుంచి తగలడం కష్టమనీ, దాన్నీ ఇంకొన్నిటినీ కలిపి ఆటిజం అంటారనీ చెప్పింది. ప్రశ్నలు వచ్చాయి. “అంటుకుంటుందా?” అంటుకోదు. “బుర్ర తక్కువా?” కాదు, మొన్న టెస్టులో మార్కులు మీరే చూశారు. “మరి మాతో ఎందుకు మాట్లాడడు?” మీరు పలకరిస్తే పది లెక్కపెట్టేదాకా ఆగండి, జవాబు వస్తుంది. ఈ ‘పది లెక్కపెట్టడం’ తరగతిలో ఆటయిపోయింది. వాళ్ళలో కొందరు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెడితే బాబుకి అదొక గొడవైంది. మనసులో లెక్కపెట్టాలని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

గ్రూపులో రెండో మెసేజ్ సర్దుబాట్లు మొదలై నెల దాటాక, ఆదివారం పొద్దున, తల్లి పేరుతో వెళ్ళింది:

‘అందరికీ నమస్కారం. మా బాబుకి ఆటిజం ఉంది. పెద్ద శబ్దాలు, వెనక నుంచి ఎవరైనా ఆనుకోవడం తట్టుకోలేక నెట్టేవాడు. భోజనం లైన్లో పాపకి దెబ్బ తగిలినందుకు మళ్ళీ క్షమించమంటున్నాం. ఇప్పుడు లైన్లో చివర నిలబడుతున్నాడు. మీ పిల్లలకి ఏ ఇబ్బంది వచ్చినా గ్రూపులో కాకుండా నాకు ఫోన్ చెయ్యండి, వెంటనే మాట్లాడతాను.’

దణ్ణాల బొమ్మలు మూడే వచ్చాయి, ఫోన్లు నాలుగు. వాటిలో రెండు ‘మా పిల్లకి కూడా మాటలు రావట్లేదు, ఎక్కడ చూపించారు’ అని. ఒక కుటుంబం మాత్రం తమ పిల్లని బాబు పక్క సీటు నుంచి మార్పించుకుంది. అలాంటివాళ్ళు ఉంటారు, వాళ్ళ వెంటపడి ఒప్పించబోతే మిగతావాళ్ళు కూడా విసుగుపడతారు.

చెబితే అభిప్రాయం మారుతుందా అన్నది మన దగ్గరి ప్రశ్నే కాదు. అమెరికాలో నోవా ససన్, కెర్రియాన్ మారిసన్ 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ చిన్న వీడియోలు చూసినవాళ్ళు, ఆ సంగతి తెలిసినప్పుడు తెలియనప్పటికంటే మెరుగ్గా తలచారు. ఆటిజం గురించి ముందే ఎక్కువ తెలిసినవాళ్ళలో ఆ మార్పు బాగా కనబడింది. అది పెద్దవాళ్ళ మీద, కాసేపటి పరిచయం మీద చేసింది, విజయవాడ అపార్ట్‌మెంట్‌కి యథాతథంగా తెచ్చి అతికించలేం. కానీ పేరొక్కటే చాలదు, వినేవాడికి దాని గురించి ఎంతో కొంత తెలియాలన్న ముక్క ఈ కేసులో రెండు మెసేజ్‌ల తేడాకి సరిగ్గా సరిపోతుంది.

అపార్ట్‌మెంట్లో మీటింగు పెట్టలేదు. విజిటింగ్ కార్డు సైజులో 50 కార్డులు అచ్చువేయించారు: ‘మా అబ్బాయికి ఆటిజం. ఇప్పుడు కొంచెం కంగారులో ఉన్నాడు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడించకపోతే సర్దుకుంటాడు.’ లిఫ్టులోనో షాపులోనో బాబు కింద కూర్చుండిపోయినప్పుడు తల్లి నోరు తెరవకుండా కార్డు ఇస్తుంది. ఆ సమయంలో ఆమె చేతులూ నోరూ బాబుకే కావాలి. మామూలుగా ఉన్నప్పుడు ఎవరికీ ఇవ్వకూడదన్నది షరతు. పక్కింటావిడకి కార్డు కాకుండా విడిగా టీ ఇచ్చి చెప్పారు. ఆవిడ విని, “అయితే ఏదో పెద్ద టాలెంట్ ఉంటుందంట కదండీ ఇలాంటివాళ్ళకి” అంది. అప్పటి నుంచి లిఫ్టులో బాబు కనబడితే “ఏదీ, ఫలానా తారీఖు ఏ వారమో చెప్పు” అని పరీక్ష మొదలు. మెచ్చుకోలులా కనబడే ఈ అపోహ తిట్టుకంటే మొండిది, తల్లికి కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. “వాడికి తారీఖులు రావండీ, రైళ్ళొచ్చు. అదీ వాడికి తోస్తేనే” అని ప్రతిసారీ అనాల్సి వస్తోంది.

ఆరు నెలల దగ్గర

టీచరు గీతల లెక్కలో నెట్టడం మొదటి రెండు వారాల్లో 9 సార్లు, ఐదో నెల చివరి రెండు వారాల్లో 2 సార్లు. ఆ రెండూ యాన్యువల్ డే రిహార్సల్‌లో, స్పీకర్ పక్కన. అది కాగితంలో లేని సందర్భం, చేర్చారు. ముందు బెంచీలో ఒంటరి సీటు పోయింది.

కొత్త తలనొప్పులు కూడా వచ్చాయి. టీచరు జాలి ఎక్కువై తప్పు లెక్కలకి కూడా టిక్ పెట్టడం మొదలుపెట్టింది. డ్రిల్లు పీరియడ్లో కూర్చోబెట్టేసింది. సైన్సు టీచరు ఒకాయన బాబు ఎదుటే వాడి గురించి ఇంకో టీచరుతో, వాడికి వినబడదన్నట్టు, వివరంగా చెప్పాడు. కాగితంలో చెయ్యకూడనివి ఒకటి నుంచి మూడయ్యాయి. బాబు ఒకరోజు “నాకు ఆటిజం, తెలుగు హోంవర్కు రాయను” అన్నాడు. తల్లి పుస్తకం తెరిచి కష్టమైనవాటి పేజీ చూపించి, ఇందులో తెలుగు హోంవర్కు ఎక్కడుందో వెతకమంది. లేదు. రాశాడు, తిట్టుకుంటూ. నాన్న ఆఫీసులో ఇంతవరకు చెప్పలేదు, చెప్పమని ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. అక్కడ బాబుకి జరగాల్సిన పని ఏదీ లేదు.

మేనత్త పెళ్ళి ముహూర్తం అప్పుడు సన్నాయి, డోలు. బాబు మఫ్స్ పెట్టుకుని పై అంతస్తు గదిలో వ్యాన్ డ్రైవర్‌తో కూర్చున్నాడు, ఆయన్ని పెళ్ళికి పిలిచింది కొంత దీనికే. తలంబ్రాల వేళకి కిందికి దిగి, రెండు గుప్పిళ్ళు పోసి మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు. వియ్యాలవారి వైపు ఒక ముసలాయన దగ్గర ఆగి “12711” అన్నాడు. ఆయన అర్థంకాక నవ్వితే పెళ్ళికొడుకే చెప్పాడు, అది పినాకిని, నమస్కారం పెడుతున్నాడని.

నాలుగో తరగతికి టీచరు మారతారు కాబట్టి జూన్ మొదటి వారానికి కాగితం తిరగరాయాలి. ఈసారి చిత్తు బాబు చేతికే ఇచ్చారు. ఎర్ర కార్డు అక్కర్లేదు, చెయ్యి ఎత్తి అడుగుతానని ఆ లైను కొట్టేశాడు. వేసవిలో చేరిన కరాటే క్లాసులో మాస్టారికి కూడా ఒక కాపీ ఇద్దామని తల్లి అంటే వద్దన్నాడు: “అక్కడ ఎవరూ వెనక నిలబడరు. ఆయనకి చెప్పొద్దు.” ఇవ్వలేదు.